నలుగురికీ ఒకే గిన్నెలో కూర: నా వాటా నూనె క్యాలరీలు లెక్కపెట్టేదెలా?

శైలజ_సైనిక్‌పురి

అందరికీ నమస్కారం. నాకు నలభై నాలుగేళ్లు. బరువు తగ్గాలి, రోజుకి 1500 క్యాలరీలు దాటకండి అని డాక్టరుగారు చెప్పారు. అన్నం తూకం వేసుకుంటున్నాను, పుల్కాలు లెక్కపెట్టుకుని తింటున్నాను. నూనె దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క తెగడం లేదు.

మా ఇంట్లో వంట అత్తయ్యగారిది. ఆవిడది చేతి అంచనా. ఫోన్‌లో యాప్ తెరిచి వంకాయ కూర ఒక కప్పు అని కొడితే ఒక్కోచోట ఒక్కో అంకె చూపిస్తోంది, ఒకదానికి ఇంకొకటి రెట్టింపు. మా కూరలో ఎంత నూనె పడిందో ఆ యాప్‌కి ఎలా తెలుస్తుంది?

నా సందేహాలు ఇవి. ఒకే గిన్నెలో వండిన కూరలో నా వాటాకి ఎంత నూనె వచ్చిందో ఎలా తెలుసుకోవాలి? క్యాలరీలు తక్కువుండే నూనె ఏదైనా ఉందా? నెయ్యి పూర్తిగా మానేయాలా? అత్తయ్యగారిని నొప్పించకుండా నడిచే ఉపాయమైతే ఇంకా మంచిది.

తార్నాక_పోషణ

శైలజ గారూ, నేను న్యూట్రిషన్ చదువుకున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. క్యాలరీలు తక్కువుండే నూనె లేదు. పల్లీ నూనె, సన్‌ఫ్లవర్, రైస్ బ్రాన్, నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, పామాయిల్, ఏదైనా గ్రాముకి సుమారు 9 క్యాలరీలే. అన్నంలోని పిండిపదార్థానికీ, పప్పులోని ప్రొటీన్‌కీ గ్రాముకి 4. ప్యాకెట్ మీద లైట్ అని ఉన్నా సరే, అది రంగుకీ రుచికీ సంబంధించిన మాట, క్యాలరీలకి కాదు. జీరో కొలెస్ట్రాల్ అని రాసినా అంతే. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు, అందులో ఆ కంపెనీ గొప్పతనం ఏమీ లేదు.

కొలత విషయానికొస్తే, 5 మిల్లీలీటర్ల టీస్పూన్‌లో నాలుగున్నర గ్రాముల నూనె పడుతుంది, అంటే 40 క్యాలరీలు. 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూన్ అయితే 120. మన ఇళ్లలో స్పూన్లు ఒక్కోటి ఒక్కో సైజు కాబట్టి వాటిని నమ్మకండి. పిల్లల దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత ఉంటుంది చూడండి, 5, 10 గీతలు ఉంటాయి. దాన్ని శుభ్రంగా కడిగి పోపుల డబ్బా పక్కన పెట్టుకోండి.

ఇంకో పని కూడా చేయండి. నెలకి ఎన్ని ప్యాకెట్ల నూనె, ఎంత నెయ్యి ఖర్చవుతోందో రాయండి. రోజుకో కూర లెక్కకంటే ఈ నెల లెక్క చాలా నిజం చెబుతుంది.

శైలజ_సైనిక్‌పురి

ఇప్పుడే కిరాణా బిల్లులు చూశాను. నలుగురం ఉంటాం. నెలకి ఆరు లీటరు ప్యాకెట్లు, అరకిలో నెయ్యి. పండగ నెలల్లో ఇంకా ఎక్కువ.

తార్నాక_పోషణ

లీటరు నూనె అంటే కిలో కాదు, సుమారు 910 గ్రాములు. (ఈమధ్య కొన్ని ప్యాకెట్లు అంతకంటే తక్కువ బరువుతో వస్తున్నాయి, నికర బరువు చూసి కొనండి.) ఆరు ప్యాకెట్లు 5460 గ్రాములు. నలుగురికి, ముప్ఫై రోజులకి పంచితే మనిషికి రోజుకి 45 గ్రాముల పైచిలుకు. నెయ్యి ఇంకో 4 గ్రాములు. మొత్తం 50 అనుకోండి. అంటే ఒక్కొక్కరికి 450 క్యాలరీలు నూనె, నెయ్యిల నుంచే వస్తున్నాయి. మీ 1500లో దాదాపు మూడో వంతు.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో 2000 క్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకి 27 గ్రాముల దగ్గర పెట్టారు. ఆ లెక్కన మీ 1500కి 20 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు. పొద్దున టిఫిన్ దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా, అన్నంలో వేసుకునే నెయ్యితో సహా నాలుగు. ఈ ఒక్క అంకె పట్టుకుంటే మిగతాదంతా తేలికవుతుంది.

వేయించాక పారబోసిన నూనె, చుట్టాలు తిన్నది తీసేస్తే మీ అసలు లెక్క 50 కంటే కొంత తగ్గొచ్చు. తగ్గినా 20కి మాత్రం చాలా దూరం.

గానుగ_ఇష్టుడు

లెక్కలు బాగున్నాయి కానీ అసలు సంగతి వదిలేస్తున్నారు. రిఫైన్డ్ నూనె మానేసి కట్టె గానుగ నూనె వాడండి. మా ఇంట్లో పల్లీ నూనె, నువ్వుల నూనె రెండూ గానుగ దగ్గర కళ్లముందు ఆడించి తెచ్చుకుంటాం. వాసనకే కడుపు నిండుతుంది. మంచి నూనె ఒంటికి పట్టదు, కొవ్వు చేయదు.

తార్నాక_పోషణ

గానుగ నూనె మంచిదే, నేనూ ఇష్టపడతాను. రిఫైన్ చేసేటప్పుడు పోయే సహజమైన వాసన, కొన్ని మేలుచేసే పదార్థాలు గానుగ నూనెలో మిగులుతాయి. కానీ కొవ్వు చేయదు అన్నమాటకి మాత్రం ఒప్పుకోలేను. గానుగలో ఆడించినా మిల్లులో తీసినా గ్రాముకి 9 క్యాలరీలే. మంచి నూనె కదా అని నాలుగు చెంచాల చోట ఆరు వేస్తే, ఆ రెండు చెంచాలూ 80 క్యాలరీలు.

గానుగ_ఇష్టుడు

సరే, క్యాలరీల మాట ఒప్పుకుంటాను. ఒక్క విషయం మాత్రం వదలను. వాసన ఉన్న నూనె తక్కువ వేసినా కూరకి రుచి వస్తుంది. పప్పు పోపుకి గానుగ నువ్వుల నూనె ఒక టీస్పూన్ చాలు. అదే వాసనలేని నూనె అయితే చేయి ఆగదు.

తార్నాక_పోషణ

ఇది నూటికి నూరు పాళ్లు నిజం. శైలజ గారూ, దీన్ని పాటించండి.

కర్రీపాయింట్_కూకట్‌పల్లి

నేను పదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. కూరలో నూనె ఎలా పనిచేస్తుందో వంటవాడిగా చెప్తాను అక్కా.

మా దగ్గర ట్రేలో కూర పెట్టినప్పుడు పైన ఎర్రగా మెరవాలి. మెరవకపోతే కొనేవాళ్లు పొద్దుటిదేమో అనుకుంటారు. సాయంత్రం దాకా ఎండిపోకుండా ఉండాలి. అందుకే బయట కూరల్లో నూనె ఎక్కువ పడుతుంది. ఇంట్లో చేసిన కూర పది నిమిషాల్లో కంచంలోకి వస్తుంది. దానికి ఆ మెరుపు అక్కర్లేదు.

ఇక గుత్తి వంకాయ సంగతి. వంకాయ లోపలంతా గాలి గదులే. నూనె ఎంత పోస్తే అంత తాగేస్తుంది. మరుగుతున్న నూనెలో వేస్తే ఇంకా తాగుతుంది. అలా కాకుండా కాయలు నాలుగు పక్షాలుగా చీల్చి, ఉప్పు నీళ్లలో వేసి తీసి, ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు ఆవిరి పట్టండి. కాయ మెత్తబడి ఆ గదులు కూలిపోతాయి, ఆ తర్వాత నూనె తాగదు. అప్పుడు పల్లీలు, నువ్వులు, కొబ్బరి మసాలా కూరి, వెడల్పాటి మూకుట్లో రెండు టేబుల్ స్పూన్ల నూనెతో మూతపెట్టి సన్నసెగ మీద మగ్గించండి. నలుగురికి సరిపోతుంది. చివర్లో నూనె తేలుతుంది, కంగారుపడకండి. అది మీరు పోసిన నూనె ఒక్కటే కాదు, పల్లీలు, నువ్వులు వదిలిన నూనె కూడా. కూరలో నీరు ఇగిరిపోయి మసాలా వేగిందనడానికి అదే గుర్తు.

వేపుళ్లు కూడా అంతే. బెండకాయ కడిగి బాగా ఆరబెట్టి తరిగితే సగం నూనెతో వేగుతుంది. తడి బెండకాయ జిగురు కారుస్తుంది, ఆ జిగురు పోవాలని మనం నూనె పోస్తూనే ఉంటాం. దొండకాయ, కాకరకాయ ముందు కొంచెం ఉడికించి వేయించండి. పాత ఇనప మూకుడు బాగా అలవాటు పడి ఉంటే దాంట్లో అంటుకోదు, నాన్‌స్టిక్ కొనాల్సిన పనే లేదు.

శైలజ_సైనిక్‌పురి

ఆవిరి ఉపాయం అత్తయ్యగారికి చెప్పగానే ఒప్పుకున్నారు. వాళ్ల అమ్మగారు కూడా అలాగే చేసేవారట. పల్లీలు నూనె వదులుతాయన్నారు కదా, దాన్ని కూడా లెక్కలో కలపాలా?

తార్నాక_పోషణ

కలపాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. పల్లీల్లో, నువ్వుల్లో సగం బరువు నూనెదే. 30 గ్రాముల పల్లీలు, అంటే ఒక గుప్పెడు, 170 క్యాలరీలు. ఇడ్లీలో నూనె లేదని ధైర్యంగా తిని, పక్కన పల్లీ చట్నీ రెండు గరిటెలు వేసుకుంటే లెక్క మారిపోతుంది. అలాగని పల్లీలు మానకండి, వాటిలో ప్రొటీన్, పీచు ఉన్నాయి. చట్నీలో సగం పల్లీలకి బదులు పుట్నాలు వేయండి, లేదా టమాటా, సొరకాయ తొక్కు, బీరకాయ తొక్కు పచ్చళ్లు చేసుకోండి.

పాలు కూడా చూసుకోండి. ఫుల్ క్రీమ్ పాలల్లో వెన్నశాతం 6, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర. రోజుకి అరలీటరు తాగే ఇంట్లో ఫుల్ క్రీమ్ నుంచి టోన్డ్‌కి మారితే 15 గ్రాముల కొవ్వు తగ్గుతుంది. మూడు చెంచాల నూనెకి సమానం.

ఇక మీ మొదటి ప్రశ్న. గిన్నెలో మీ వాటా. వంటింటి డిజిటల్ తూకం ఉందా?

శైలజ_సైనిక్‌పురి

ఉంది. అన్నం దాని మీదే తూస్తాను.

తార్నాక_పోషణ

అయితే అత్తయ్యగారు ఒక్క అలవాటు కూడా మార్చుకోనక్కర్లేదు. వంట మొదలుపెట్టే ముందు నూనె సీసా తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. వంటయ్యాక మళ్లీ పెట్టండి. తగ్గినంత నూనె కూరల్లోకి వెళ్లింది. ఏ కూరకి ఎంతో కావాలంటే ఒక్కో కూర తర్వాత పెట్టండి.

తర్వాత వండిన కూర బరువు. ఖాళీ మూకుడు బరువు ముందే తెలిసి ఉంటే కూరతో సహా తూచి అది తీసేయడమే. ఉదాహరణకి కూర మొత్తం కిలో వచ్చింది, అందులో నూనె 41 గ్రాములు, అంటే మూడు టేబుల్ స్పూన్లు, 370 క్యాలరీలు అనుకుందాం. మీ కంచంలోకి 150 గ్రాములు వేసుకుంటే మీ వాటా నూనె 55 క్యాలరీలు. కూరగాయలవి వేరే. వారం రోజులు చేస్తే మీ ఇంటి కూరలకి ఒక అంచనా వచ్చేస్తుంది, ఆ తర్వాత రోజూ తూచాల్సిన అవసరం ఉండదు.

అడుగున నూనె ఊరిన వేపుళ్లకి మాత్రం ఈ లెక్క అంత కచ్చితంగా రాదు. మీరు పైపైన తీసుకుంటే మీకు తక్కువ నూనె వస్తుంది.

ఉడికించినదే_చాలు

ఇంత లెక్క ఎందుకండీ. నేను నూనె పూర్తిగా మానేశాను. పోపు కూడా వట్టి మూకుట్లోనే. ఉడికించిన కూరగాయలు, మజ్జిగ, పుల్కాలు. బరువు బాగా తగ్గాను. అందరూ ఇదే చేయాలి.

తార్నాక_పోషణ

మీ పట్టుదలకి అభినందనలు. అయితే అందరికీ ఇది సలహాగా చెప్పకండి, దయచేసి. శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు కొన్ని ఉన్నాయి, అవి తిండి నుంచే రావాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా కొవ్వు కావాలి. తోటకూర, గోంగూర, క్యారెట్ వట్టిగా ఉడికించి తింటే వాటిలోని కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారేది) సరిగ్గా అందదు. మీరు పల్లీలు, నువ్వులు, అవిసె గింజలు తింటుంటే కొంత పరవాలేదు. ఎదిగే పిల్లలకి మాత్రం అసలు వద్దు.

మౌలాలి_సుభద్ర

నెయ్యి గురించి ఎవరూ చెప్పడంలేదేమిటి. నాకు అరవై ఎనిమిదేళ్లు. పెరుగు మీద మీగడ తీసి, చిలికి, వెన్న కాచి ఇంట్లోనే నెయ్యి చేస్తాను. వెన్న కాగి, అడుగున గోధుమరంగు గోకుడు తేలి, ఒక తమలపాకు వేసి దింపితే ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. ముద్దపప్పు, ఆవకాయ అన్నంలో నెయ్యి లేకుండా ఎలా తినమంటావు తల్లీ? మానొద్దు. నేను మా కోడలికి చెప్పింది ఇదే. నెయ్యి గిన్నె భోజనాల బల్ల మీద పెట్టకు, వంటింట్లోనే ఉంచు. కొలిచి కంచంలో వేసి తీసుకురా. బల్ల మీద గిన్నె ఉంటే మాటల్లో పడి రెండోసారి, మూడోసారి వేసుకుంటాం. వేడివేడి అన్నం మీద కరిగిన నెయ్యి అర చెంచా వేసినా మొదటి ముద్ద నిండా పరుచుకుంటుంది. పేరుకున్న నెయ్యి అయితే గడ్డగా పడుతుంది, ఎంత వేశామో తెలియదు. అందుకని కరిగించి వేసుకో.

తార్నాక_పోషణ

సుభద్రమ్మగారూ, ఈ చర్చ మొత్తంలో నాకు బాగా నచ్చిన సలహా ఇదే. అర టీస్పూన్ నెయ్యి 20 క్యాలరీలు, శైలజ గారి నాలుగు చెంచాల్లో హాయిగా ఇముడుతుంది.

సికింద్రాబాద్_విశ్రాంత

నాకు గుండెకి స్టెంట్ వేశారు. కాబట్టి ఎంత అన్నదే కాదు, ఏది అన్నది కూడా నాకు ముఖ్యం. నెయ్యిలో అరవై శాతం పైగా, కొబ్బరి నూనెలో తొంభై శాతం దాకా, పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. అది చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. మొత్తం క్యాలరీల్లో సంతృప్త కొవ్వు పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా డాక్టరుగారి సలహా మీద నేను ఒక నెల పల్లీ నూనె, ఒక నెల రైస్ బ్రాన్, పోపులకి నువ్వుల నూనె ఇలా మారుస్తుంటాను. ఒక్క నూనెకే అంటిపెట్టుకోవద్దని పోషకాహార నిపుణులు కూడా అంటారు, ఎందుకంటే ఏ ఒక్క నూనెలోనూ అన్ని రకాల కొవ్వు ఆమ్లాలూ సరైన పాళ్లలో ఉండవు.

డాల్డా లాంటి వనస్పతి మాత్రం మా ఇంట్లోకి రానివ్వను. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు (నూనెని గడ్డకట్టించేటప్పుడు పుట్టే, గుండెకి చేటుచేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని నియమం ఉంది, అది మంచి మార్పు. అయినా దాంతో మనకి పని ఏముంది? బేకరీ పఫ్‌లు, బిస్కెట్లు కొనేటప్పుడు ఏ కొవ్వుతో చేశారో అడగండి.

వరంగల్_గచ్చిబౌలి

సుభద్రమ్మగారూ, మీ నెయ్యి వాసన నా హాస్టల్ గదిదాకా వచ్చింది!

నా బాధ వేరు. సంక్రాంతికి మా అమ్మ సకినాలు డబ్బా నిండా పంపుతుంది. ఆఫీసు నుంచి వచ్చి టీతో నాలుగు తింటాను. మానాలంటే మనసొప్పదు. పైగా అమ్మ రెండు రోజులు కూర్చుని చుట్టిన సకినాలు. ఎయిర్ ఫ్రయర్ కొనమని ఫ్రెండ్స్ అంటున్నారు. పనికొస్తుందా?

కర్రీపాయింట్_కూకట్‌పల్లి

చెల్లె, సకినం ఎయిర్ ఫ్రయర్‌లో రాదు. గట్టిపడుతుంది తప్ప గుల్లగా రాదు. ఆలుగడ్డ ముక్కలకి, పనీర్‌కి, చేప ముక్కలకి అది బాగుంటుంది.

నూనెలో వేయించేటప్పుడే నూనె తక్కువ పట్టేలా చూడొచ్చు. నూనె సరిగ్గా కాగకుండా వేస్తే పిండి నూనె పీలుస్తుంది. చిన్న పిండి ముక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. ఒకేసారి మూకుడు నిండా వేయొద్దు, వేడి పడిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సకినం, పూరీ, గారె ఏదైనా నూనెలో ఉన్నంతసేపు లోపలి ఆవిరి బయటికి తోస్తుంటుంది, నూనె అంతగా లోపలికి పోదు. బయటికి తీసి చల్లారుతున్నప్పుడే పైనున్న నూనె లోపలికి గుంజుకుంటుంది. అందుకే తీయగానే చిల్లుల గరిటెలో మూకుడు మీదే కాసేపు పట్టుకుని నూనె కారిపోనివ్వాలి, వేడి మీదే కాగితం మీద పరచాలి. గిన్నెలో కుప్పగా పోస్తే అడుగువన్నీ నూనె ముద్దలే.

వరంగల్_గచ్చిబౌలి

అన్నా, ఇది అమ్మకి ఫోన్ చేసి చెప్తా. ఉన్న డబ్బాని పక్క గదులవాళ్లకి కూడా పంచుతా, నేను రోజుకి రెండు చాలు. రోజూ తినాలనిపిస్తే సర్వపిండి చేసుకుంటాను, గిన్నెకి రెండు చెంచాల నూనె రాస్తే చాలు.

శైలజ_సైనిక్‌పురి

వేయించగా మిగిలిన నూనె ఏం చేయాలి? అత్తయ్యగారు వడగట్టి సీసాలో దాస్తారు. పారేయమంటే బాధపడతారు. ఈ ధరల్లో ఆవిడ బాధలో న్యాయం ఉంది.

సికింద్రాబాద్_విశ్రాంత

పారేయక్కర్లేదు. వడగట్టి ఒకటి రెండు రోజుల్లో కూరలకి, పోపులకి వాడేయండి. మళ్లీ వేయించడానికి మాత్రం వాడొద్దు, కొత్త నూనెలో కలపొద్దు. జాతీయ పోషకాహార సంస్థ సలహా కూడా ఇదే. పదే పదే కాచిన నూనె చిక్కబడి, నల్లబడి, నురగ కడుతుంది, అందులో హానిచేసే పదార్థాలు పెరుగుతాయి. హోటళ్లకైతే కాచిన నూనెలో అలాంటి పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నియమం ఉంది. అసలు చిన్న, లోతైన మూకుడు తీసుకోండి. తక్కువ నూనెలోనే బజ్జీలు మునుగుతాయి, మిగిలేదీ తక్కువే.

ఆదివారం_బిర్యానీ

శైలజ గారూ, ఆదివారం బయట బిర్యానీ తింటే లెక్క ఎలా వేస్తారు? నాకు అదే పెద్ద టెన్షన్.

తార్నాక_పోషణ

కచ్చితంగా వేయలేం. నెయ్యి, నూనె, వేయించిన ఉల్లిపాయలు, మాంసంలోని కొవ్వు అన్నీ కలిసి ఉంటాయి. ఒక సింగిల్ బిర్యానీ ఇద్దరు పంచుకోండి. అడుగున మసాలా కంటే పైనున్న అన్నంలో నూనె తక్కువ. మిర్చీ కా సాలన్ మొత్తం పల్లీలు, నువ్వులు, నూనె, కాబట్టి రెండు చెంచాలతో ఆగండి. రైతా కావలసినంత వేసుకోండి. ఆరోజు మిగతా రెండు పూటలూ నూనె లేని వంటలు పెట్టుకోండి, పొద్దున ఇడ్లీ, రాత్రి పుల్కా, ఉడికించిన పప్పుకూర. వారం మొత్తం మీద లెక్క సరిపోతే చాలు.

శైలజ_సైనిక్‌పురి

ఈ వారం లెక్క చెప్తాను. సీసా బరువు చూస్తున్నాను. ఏమీ మార్చకముందు మధ్యాహ్నం వంటకి ఒక్కదానికే 110 గ్రాములు ఖర్చయింది. అత్తయ్యగారికి చూపించాను, కోప్పడలేదు, ఇంతా అని ఆశ్చర్యపోయారు. ఇప్పుడు ఆవిడే పొద్దున్నే ఒక చిన్న స్టీలు గిన్నెలో రోజు మొత్తానికి నూనె కొలిచి పోసుకుంటున్నారు. అది అయిపోతే ఇక లేదని ఆవిడే పెట్టుకున్న నియమం. నిన్న మధ్యాహ్నం గుత్తి వంకాయ, పప్పు, చారు కలిపి 48 గ్రాములతో అయిపోయాయి. మావారికి తేడా తెలియలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఆవకాయ. జాడీలో రెండు వేళ్ల ఎత్తున నూనె తేలుతోంది. దాన్ని వంచేయనా?

మౌలాలి_సుభద్ర

జాడీలోంచి చుక్క కూడా తీయకు తల్లీ! ఆ నూనె మూతలా కాపాడుతుంటేనే ముక్క బూజు పట్టకుండా ఏడాది నిలుస్తుంది. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసేటప్పుడు పొడి గరిటెతో ముక్కల్ని జాడీ అంచుకి ఒత్తి, నూనె జాడీలోకే జారనిచ్చి, ముక్కా పిండీ మాత్రం తీసుకో. పైన నూనె తగ్గి ముక్కలు బయటపడితే కాచి చల్లార్చిన నువ్వుల నూనె కాస్త పొయ్యి. కంచంలోకి ఒక ముక్క చాలు. దాంతో కలిపే అన్నంలో ఆరోజుకి నెయ్యి వేసుకోకు.